డీజిలు బండికి ప్రొపేను తోడు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల దారులలో చెడిన లారీని మఱియొక డీజిలు బండి లాగికొనిపోవుట పలువురు చూచియుందురు. ఎత్తునెక్కునపుడు బలము చాలకున్న, ఆ బండికి ప్రొపేను వాయువును తోడుచేయు నేర్పాటొకటి కలదు. దానినెట్లెన్నుకొనవలెను?

డీజిలు యంత్రమునకు నిప్పురవ్వ యక్కఱలేదు. లోనికి పీల్చబడిన గాలి సుమారు 16 మొదలు 20 రెట్లు నొక్కబడి వేడెక్కగా, అందు చిమ్మబడిన నూనె తనంతట మండును. ప్రొపేనో గాలితోడనే ముందుగా లోనికిఁ బోయి, డీజిలు అంటుకొనిన పిమ్మట తానును మండి బలమిచ్చును. మితము మీఱినచో వేళకు ముందే మండి, సుత్తిదెబ్బవలె మ్రోగి, పిస్టనును చెఱుపును.

కావున ఎంత బలమిచ్చునని గాక, ఎట్లు ఆగునని ముందడుగవలెను. బరువు లాగునపుడు మాత్రమే వాయువు రావలెను. యంత్రమాగినతోడనే సిలిండరుచెంతనే కవాటము మూతపడవలెను. పొగ వేడిని తెలుపు మీటరుండవలెను. ప్రొపేను గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. కాఱినచో పల్లమున నిలిచి నిప్పు సోకఁగానే భగ్గుమనును. వంటయింటి సిలిండరును బండికిఁ దగిలించుట నేరము. ఇంధనపు మార్పునకు రవాణా అధికారి యనుమతియుఁ గావలెను.

ఇంతకుముందు గాలి ఫిల్టరును, నూనె చిమ్ము నాజిళ్లను పరీక్షింపుఁడు. పలుమాఱు కొఱవడిన బలము అచ్చటనే దొరకును.