తలుపు తీస్తే వెలగని దీపం

కారు తలుపు తీయగానే నెత్తిమీది లైటు వెలగాలి. వెలగలేదనుకోండి, "తాతయ్యా, బల్బు మాడిపోయింది" అని మా పిల్లలు వెంటనే తీర్పు చెప్పేస్తారు. ఆగండర్రా! ముందు లైటు పక్కనున్న మీట చూడండి. ఒకవైపు నెడితే ఎప్పుడూ వెలుగు, ఇంకోవైపు ఆఫ్, మధ్యలో తలుపుతో పాటు వెలిగే ఏర్పాటు. ఆన్‌లో పెడితే వెలిగిందా? బల్బూ ఫ్యూజూ నిక్షేపంగా ఉన్నట్టే. రోగం తలుపు దగ్గరుంది. వెలగకపోతే గడియారం, రేడియో చూడండి. చాలా కార్లలో వాటికీ దీనికీ ఒకటే ఫ్యూజు.

అసలు తమాషా తలుపు దగ్గరే. ఇంట్లో స్విచ్చి ఫేజు తీగను ఆపుతుంది. 230 వోల్టులతో చెలగాటం కూడదు కదా, బల్బు దాకా కరెంటు రాకముందే ఆపెయ్యాలి. కారు బ్యాటరీది 12 వోల్టులే. అందుకని చాలా కార్లలో ఈ లైటుకు కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, తలుపు స్విచ్చి ఆపేది కరెంటు తిరిగి వెళ్ళే దారిని. బ్యాటరీ మైనస్ కొసను కారు ఇనప బాడీకే బిగిస్తారు. మేస్త్రీలు ఎర్త్ అనేది దాన్నే. తలుపు చట్రంలో రబ్బరు తొడుగుతో చిన్న బొడిపె ఉంటుందే, తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుని దారి తెగుతుంది. తీస్తే బయటికొచ్చి తీగను బాడీతో కలుపుతుంది.

ఆ బొడిపెకు బాడీతో చుట్టరికం కలిపేది ఒక్క స్క్రూ. వాన నీళ్ళకో, సముద్రం ఒడ్డు ఊళ్ళ ఉప్పుగాలికో అక్కడ తుప్పు పట్టిందంటే లైటు మొదట గుడ్డిగా వెలుగుతుంది, తర్వాత అసలు మానేస్తుంది. స్క్రూ విప్పి స్విచ్చి బయటికి లాగండి. వెనక ఒక్కటే తీగ ఉంటే మీటను మధ్యలో పెట్టి, ఆ తీగను ఊడదీసి బాడీ ఇనుముకు తాకించండి. లైటు వెలిగితే తప్పు స్విచ్చిదే. గరుకు కాగితంతో రుద్ది బిగించండి. ఈలోగా తీగ చట్రంలోకి జారిపోకుండా టేపు వేసి ఉంచండి, జారిందా ఇక దాన్ని వెతకడమే పని!

ఇదే తీగ ఎక్కడో రాసుకుపోయి బాడీకి తగిలితే ఏమవుతుంది? ఫ్యూజు పోతుందనుకుంటారు. పోదు, లైటు ఆరడం మానేస్తుంది! కరెంటు బల్బును దాటుకునే అక్కడికొస్తుంది మరి. బల్బుకు ముందున్న తీగ తగిలితేనే ఫ్యూజు ఎగిరిపోయేది. అలా ఆరని లైటు 5 వాట్లదైతే 0.4 ఆంపియర్లు లాగుతుంది. 35 ఆంపియర్-అవర్ కొత్త బ్యాటరీ ఒక రాత్రికి తట్టుకుంటుంది, ముసలిదైతే తెల్లారేసరికి స్టార్టింగ్ మొరాయిస్తుంది.

ఎల్ఈడీ బల్బు కొత్తగా వేస్తే వెలగలేదా? కొన్నిటికి ప్లస్ మైనస్ పట్టింపు, తిప్పి పెట్టి చూడండి. కొత్త కార్లలో స్విచ్చి తలుపు తాళంలోనే దాగి, సంగతి కంప్యూటరుకు చెబుతుంది. వాటి జోలికి మనం వెళ్ళొద్దు, ఆటో ఎలక్ట్రీషియన్‌కే వదిలేద్దాం.

ఒక్క మాట మాత్రం పట్టుబట్టి చెబుతాను. ఎర్రటి 10 ఆంపియర్ల ఫ్యూజు పోతే మళ్ళీ ఎర్రదే వెయ్యండి. నీలం రంగు 15దో, రాగి తీగ చుట్టో పెట్టారా, ఈసారి మాడేది పైకప్పు లోపలి వైరే.