డిఫరెన్షియల్ బుష్ అరిగితే...

వెనక చక్రాలతో నడిచే కారులో ఇంజన్ శక్తి గేర్‌బాక్స్ దాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదుగా డిఫరెన్షియల్‌కు చేరుతుంది. అక్కడి పినియన్, క్రౌన్ వీల్ ఆ శక్తిని పక్కకు తిప్పి రెండు చక్రాలకూ అందిస్తాయి. మలుపులో బయటి చక్రం లోపలి దానికంటే వేగంగా తిరగడానికి లోపలున్న చిన్న గేర్లు వీలు కల్పిస్తాయి. ఈ గేర్లన్నీ ఇమిడి ఉన్న బరువైన హౌసింగ్‌ను కారుకు బిగించే చోట లోహానికీ లోహానికీ మధ్య ఉండే రబ్బరే డిఫరెన్షియల్ బుష్.

ఇది అన్ని కార్లలోనూ ఉండదు. స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. అంబాసిడర్, బొలెరో లాంటి వాటిలో వెనక ఇరుసు, డిఫరెన్షియల్ హౌసింగ్ ఒకటే కాబట్టి అక్కడ అరిగేవి స్ప్రింగు పట్టీల బుష్‌లు. వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉండి, ఇంజన్ శక్తి వెనక చక్రాలకు వెళ్లే కార్లలో హౌసింగ్‌ను కారు అడుగున ఉండే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికి విడిగా బిగిస్తారు. బీఎండబ్ల్యూ 3 సిరీస్, మెర్సిడెస్ సీ క్లాస్ ఈ కోవలోవే.

బుష్ మీద పడే భారం

బుష్‌లో లోపల ఒక లోహపు గొట్టం, బయట మరొకటి, రెంటి మధ్యా వాటికి గట్టిగా అతికించిన రబ్బరు ఉంటాయి. కొన్ని మోడళ్లలో రబ్బరు లోపలి గదుల్లో ద్రవం కూడా నింపుతారు. గేర్ల రొద, అదురు లోపల కూర్చున్నవాళ్లకు చేరకుండా చూడటం దీని మొదటి పని. అసలు భారం మాత్రం టార్క్‌ది, అంటే తిప్పే బలానిది. ఇంజన్ 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకుందాం. మొదటి గేర్ దాన్ని 4 రెట్లు, డిఫరెన్షియల్ మరో 3 రెట్లు పెంచితే చక్రాల దగ్గర 3,600 న్యూటన్ మీటర్లు అవుతుంది. చక్రాలను ముందుకు తిప్పే బలం ఎంతో, హౌసింగ్‌ను ఎదురు దిక్కుకు తిప్పజూసే బలమూ అంతే. అందుకే యాక్సిలరేటర్ తొక్కితే హౌసింగ్ ముక్కు పైకి లేవబోతుంది, కాలు తీస్తే కిందికి వాలుతుంది. ఈ ఊపును పట్టి ఆపేది బుష్‌లే.

ఏళ్లు గడిచేకొద్దీ వేడికీ గాలికీ రబ్బరు గట్టిపడి పగుళ్లు పడుతుంది. డిఫరెన్షియల్ సీలు కారి ఆ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలి బండిని ఎగిరించే అలవాటు దాని ఆయుష్షును ఇంకా తగ్గిస్తుంది. చివరకు రబ్బరు చీలడమో, లోహపు గొట్టం నుంచి ఊడిపోవడమో జరుగుతుంది.

చప్పుడు ఎప్పుడు వస్తోంది?

బుష్ పోయిందనడానికి మొదటి గుర్తు వెనక నుంచి వచ్చే టక్కుమనే చప్పుడు. బండి కదిలేటప్పుడు, గేరు మార్చేటప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు వేసినా తీసినా, ఆటోమేటిక్ కారులో డ్రైవ్ నుంచి రివర్స్‌కు వేసినా అది వినిపిస్తుంది. అరుగుదల ముదిరితే చప్పుడుతోపాటు సీటు కింద కుదుపు తెలుస్తుంది. హౌసింగ్ ఎక్కడైనా లోహానికి ఆనుకుంటే గేర్ల రొద కూడా లోపలికి వస్తుంది.

చప్పుడు వినగానే క్రౌన్ పినియన్ పోయిందని తేల్చేసి డిఫరెన్షియల్ విప్పించడం ఖర్చుతో కూడిన తొందరపాటు. గేర్లు అరిగితే సాధారణంగా వేగంతోపాటు స్థాయి మారే ఈల లాంటి కూత వస్తుంది. బుష్ చప్పుడు బలం దిశ మారినప్పుడల్లా ఒక్కసారి కొట్టి ఆగుతుంది. యాక్సిలరేటర్‌తో సంబంధం లేకుండా గుంతల్లో మాత్రమే చప్పుడొస్తే సస్పెన్షన్ బుష్‌లనో షాక్ అబ్జార్బర్లనో అనుమానించాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లు, ఇంజన్ మౌంట్లు కూడా ఇదే తరహాలో టక్కుమంటాయి. షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి జాయింట్ దగ్గరే ప్లే (వదులు) ఉందేమో ముందు చూడాలి.

తర్వాత కారును లిఫ్ట్ మీద ఎక్కించి ఇంజన్ ఆపి, హౌసింగ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి చూస్తారు. మంచి బుష్ కొద్దిగా సాగి వెంటనే యథాస్థానానికి వస్తుంది. పోయిన బుష్‌లో, మామూలుగా మూసుకుని కనిపించని చీలిక కడ్డీ ఒత్తిడికి నోరు తెరుస్తుంది, లేదా లోహం లోహానికి తగిలిన చప్పుడు వస్తుంది. పైన కనిపించే సన్నని గీతలను బట్టి మాత్రమే బుష్ పోయిందనకూడదు. ద్రవం నింపిన బుష్ చుట్టూ తడి, కారిన చారలు ఉంటే లోపలి గది పగిలినట్టే.

కారు నేల మీద ఉండగా కింద ఒక సెల్‌ఫోన్ పెట్టి వీడియో తీయడం ఇంకో పద్ధతి. బ్రేకు గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వేసి, డ్రైవ్ నుంచి రివర్స్‌కు మారిస్తే హౌసింగ్ ఎంత ఎగురుతోందో అందులో తెలుస్తుంది. ఆ సమయంలో కారు కిందా, ముందూ, వెనకా ఎవరూ ఉండకూడదు.

మార్చే పద్ధతి

ముందుగా కారును లిఫ్ట్ మీదో, గట్టి జాకీ స్టాండ్ల మీదో నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు అది డిఫరెన్షియల్‌తో కలిసే చోట రెండు ఫ్లాంజీల మీదా గుర్తు పెట్టుకుంటారు. తిరిగి అదే స్థానంలో బిగించకపోతే కొత్తగా అదురు పుట్టే ప్రమాదం ఉంది. తర్వాత చక్రాలకు వెళ్లే డ్రైవ్ షాఫ్ట్‌లు విప్పి, హౌసింగ్ బరువును కింద జాకీ మీద మోపి, బోల్టులు తీసి దాన్ని దించుతారు.

పాత బుష్ సబ్‌ఫ్రేమ్ రంధ్రంలో గట్టిగా కూర్చుని ఉంటుంది. పొడవాటి మరబోల్టు, రెండు గొట్టాలు, నట్లతో కూడిన పుల్లర్‌తో దాన్ని లాగుతారు. రాకపోతే రబ్బరును డ్రిల్లుతో తొలిచేసి, బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోస్తారు. కోత రంధ్రం గోడలోకి దిగితే కొత్త బుష్ సరిగా పట్టదు. పెట్రోల్ ట్యాంకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి మంట పెట్టి రబ్బరు కాల్చడం ప్రమాదకరం.

పాతది తీసేముందే దాని రబ్బరులోని ఖాళీలు ఏ దిక్కుకు ఉన్నాయో రాసుకోవాలి. చాలా బుష్‌లు ఒక దిశలో గట్టిగా, ఇంకో దిశలో మెత్తగా ఉండేలా తయారవుతాయి. అడ్డదిడ్డంగా దిగిన కొత్త బుష్ తొందరగా చిరిగిపోతుంది. లోపలికి నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి గొట్టం అంచు మీదే పడాలి, రబ్బరు మీద పడకూడదు. బోల్టులను తయారీదారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాలి. ఒక్కసారే వాడాల్సిన బోల్టులైతే కొత్తవి వేయాలి. ఒక బుష్ పోయిందంటే మిగతావీ అదే వయసువి కాబట్టి అన్నీ ఒకేసారి మార్చడం మేలు. హౌసింగ్ కిందికి దిగి ఉన్నప్పుడే సీళ్లు చూసుకుంటే కూలీ రెండోసారి పడదు.

రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లూ దొరుకుతాయి. అవి గట్టివి, ఆయిల్‌ను బాగా తట్టుకుంటాయి, హౌసింగ్‌ను అంతగా కదలనివ్వవు. అయితే గేర్ల రొద లోపలికి ఎక్కువగా వినిపిస్తుంది. రేసుల్లో తిరిగే కారుకు అది ఇబ్బంది కాదు. ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు కంపెనీ రబ్బరు బుష్‌లే నయం.

పని పూర్తయ్యాక డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం సరిచూసి, బండిని తక్కువ వేగంలో నడిపి యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ పరీక్షిస్తారు. చప్పుడు పోతే లోపం బుష్‌దే. తగ్గినా పూర్తిగా పోకపోతే చాన్నాళ్లు దెబ్బలు తిన్న క్రాస్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు చూడాలి. అవీ బాగుంటేనే డిఫరెన్షియల్ విప్పి పినియన్ దగ్గర ప్లే కొలవాలి.