ముందు చక్రపు సీలు

ఎం.జి.బి. అను బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుండి 1980 వరకు తయారైనది. దాని ముందు చక్రము కదలని ఇరుసుపై రెండు రోలరు బేరింగులతో తిరుగును. వాటి గ్రీజు లోపలి వైపునుండి బయటికి పోకుండ ఆపునది ఒక రబ్బరు సీలు.

సీలు హబ్బులో బిగిసి చక్రముతో తిరుగును. దాని అంచు ఇరుసుపైనున్న ఉక్కు కాలరును ఒరసికొనుచుండును. ఏండ్లు గడచి రబ్బరు గట్టిపడినచో గ్రీజు వెలికి వచ్చును. అది బ్రేకు డిస్కుకు అంటెనా, ఘర్షణ తగ్గి, బ్రేకు వేయగనే కారు గ్రీజు అంటని చక్రము వైపునకు లాగును.

కొత్త సీలు బోలు ముఖము బేరింగు వైపునకుండవలెను. పలువురు ఇంతటితో ఆగుదురు. కాని పాత సీలు కాలరుపై గోటికి తగులునంత గాడి చేసియున్నచో కొత్తది కూడ నిలువదు, కాలరును మార్చవలెను. తిరిగి బిగించునపుడు పలుచని రేకులతో సర్ది, బేరింగులకు 0.05 నుండి 0.10 మిల్లీమీటర్ల సందు విడువవలెను. గ్రీజు పీల్చిన బ్రేకు ప్యాడ్లను తుడిచి వాడరాదు.