ఆబ్జెక్ట్ ఫైలు లోపల ఏముంది? కమాండ్ లైన్ ద్వారా పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆబ్జెక్ట్ ఫైలులోని ముఖ్య భాగాలను వివరించగలుగుతారు;
• ఎన్ఎమ్ కమాండ్ ఇచ్చే సింబల్ పట్టికను చదవగలుగుతారు;
• లింకింగ్ దశలో వచ్చే దోషానికి కారణం కనుక్కోగలుగుతారు;
• తెలుగు పదం మెమరీలో ఎన్ని బైట్లు తీసుకుంటుందో సరిచూడగలుగుతారు.

పరిచయం

మనం రాసిన సి ప్రోగ్రాంలో తప్పు ఉంటే వెంటనే సోర్స్ ఫైలునే మళ్లీ మళ్లీ చదువుతాం. సోర్స్ ఫైలులో ఉన్నది మనం చెప్పదలచుకున్నది. కంపైలర్ దాన్ని ఎలా అర్థం చేసుకున్నదో ఆబ్జెక్ట్ ఫైలులో ఉంటుంది. లింకర్ చూసేది ఆబ్జెక్ట్ ఫైలునే గాని సోర్స్‌ను కాదు. పక్కన అడగడానికి ఎవరూ లేకుండా ఇంట్లో ప్రాక్టికల్స్ చేసుకునే విద్యార్థికి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

ఇందులో చెప్పిన కమాండ్లలో జీసీసీ తప్ప మిగిలినవన్నీ లినక్స్‌లో గ్నూ బైన్‌యుటిల్స్ అనే ప్యాకేజీలో ఉంటాయి. పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. ఆప్షన్‌కు పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట చెప్పాం.

ఆబ్జెక్ట్ ఫైలు నిర్మాణం

జీసీసీకి హైఫన్ సి ఆప్షన్ ఇస్తే అది కంపైల్ చేసి, లింక్ చేయకుండా ఆగిపోతుంది. అప్పుడు తయారయ్యే డాట్ ఓ ఫైలే ఆబ్జెక్ట్ ఫైలు. లినక్స్‌లో దీని రూపాన్ని ఎల్ఫ్ అంటారు. ప్రతి ఎల్ఫ్ ఫైలు మొదటి నాలుగు బైట్లు హెక్సాలో 7ఎఫ్, 45, 4సి, 46. వీటిలో చివరి మూడూ ఇ, ఎల్, ఎఫ్ అక్షరాల సంకేతాలే. రీడ్‌ఎల్ఫ్ కమాండ్‌కు హైఫన్ హెచ్ ఇచ్చి వీటిని చూడవచ్చు.

లోపల ముఖ్యంగా కింది భాగాలుంటాయి.

1. టెక్స్ట్: యంత్ర భాషలోని ఆదేశాలు.
2. డేటా: ప్రారంభ విలువ ఇచ్చిన గ్లోబల్ చలరాశులు.
3. ఆర్‌ఓడేటా: మార్చకూడని విలువలు, ఉదాహరణకు ప్రింట్ఎఫ్‌లో రాసే సందేశాలు.
4. బీఎస్ఎస్: ప్రారంభ విలువ లేని గ్లోబల్ చలరాశులు. వీటి పరిమాణం మాత్రమే నమోదవుతుంది. ఫైలులో ఇవి చోటు తీసుకోవు.
5. సింబల్ పట్టిక: ఫంక్షన్ల, గ్లోబల్ చలరాశుల పేర్లు.

సింబల్ పట్టిక చదవడం

ఎన్ఎమ్ కమాండ్ ప్రతి పేరు పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం చూపిస్తుంది. టి అంటే టెక్స్ట్, డి అంటే డేటా, బి అంటే బీఎస్ఎస్. యు అంటే ఆ పేరును ఈ ఫైలు వాడుకుంటున్నది గాని నిర్వచనం ఇందులో లేదు. టి, డి, బి పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ పేరు ఇతర ఫైళ్లకు కూడా కనిపిస్తుంది. చిన్న అక్షరాల్లో ఉంటే అది ఆ ఫైలుకే పరిమితం.

ఉదాహరణ 1. లెక్క.సి అనే ఫైలులో ‘మొత్తం’ అనే ఫంక్షన్ రాశాం. మెయిన్.సి దాన్ని పిలుస్తుంది. రెండూ విడివిడిగా కంపైల్ అయ్యాయి. లింక్ చేసేటప్పుడు మాత్రం ‘మొత్తం’కు అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అనే దోషం వచ్చింది. ఫంక్షన్ కళ్లెదుటే ఉన్నా లింకర్ లేదంటోంది.

మెయిన్.ఓ మీద ఎన్ఎమ్ నడిపితే ‘మొత్తం’ పక్కన యు ఉంది. అది సహజమే. లెక్క.ఓ మీద నడిపితే పెద్ద టి బదులు చిన్న టి కనిపించింది. అంటే ఫంక్షన్ ముందు స్టాటిక్ అనే పదం ఉంది. దాన్ని తీసేసి మళ్లీ కంపైల్ చేస్తే లింకింగ్ పూర్తవుతుంది. ఒకవేళ లెక్క.ఓలో ఆ పేరే లేకపోతే, సోర్స్ మార్చాక మళ్లీ కంపైల్ చేయలేదేమో, లేదా పేరులో అక్షరదోషం ఉందేమో చూడాలి.

తెలుగు పదం ఎన్ని బైట్లు?

ఉదాహరణ 2. హిందూపురం నుంచి ధర్మవరం వరకు ఊళ్ల పేర్లు ముద్రించే ప్రోగ్రాం రాస్తున్నాం. ‘ఊరు’ అనే గ్లోబల్ క్యారెక్టర్ శ్రేణికి 20 పరిమాణం ఇచ్చి, అందులో ‘సోమందేపల్లి’ అని పెట్టాం. చూడటానికి ఐదే అక్షరాలు కాబట్టి 20 ధారాళంగా సరిపోతుందనిపిస్తుంది. జీసీసీ ఒక హెచ్చరిక ఇస్తుంది గాని ఆబ్జెక్ట్ ఫైలును తయారుచేస్తుంది. నడిపితే ‘సోమందే’ వరకు వచ్చి, ఆ తరువాత అర్థం లేని గుర్తులు రావచ్చు.

ఇప్పుడు ఆబ్జ్‌డంప్‌కు హైఫన్ ఎస్, హైఫన్ జె ఆప్షన్లతో డేటా భాగాన్ని అడుగుదాం. మొదటి మూడు బైట్లు ఇ0, బి0, బి8. ఇది ‘స’. తరువాతి మూడు ఇ0, బి1, 8బి. ఇది ఓత్వం. యూటీఎఫ్-8లో తెలుగు హల్లు, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు. 20 బైట్లలో ఆరు సంకేతాలకు 18 బైట్లు పోగా మిగిలినవి ఇ0, బి0. అంటే ‘ప’లోని మూడు బైట్లలో రెండే పట్టాయి. పైగా పదం ముగిసిందని చెప్పే సున్నా బైటుకు చోటే లేదు. అందుకే ముద్రణ అక్కడ ఆగకుండా పక్క మెమరీలోకి సాగిపోయే ప్రమాదం ఉంది.

ఈసారి పరిమాణం రాయకుండా బ్రాకెట్లను ఖాళీగా వదిలి కంపైల్ చేయండి. ఎన్ఎమ్‌కు హైఫన్, పెద్ద ఎస్ ఇస్తే ‘ఊరు’ పరిమాణం హెక్సాలో 22 అని వస్తుంది. అంటే దశాంశంలో 34. సోమందేపల్లిలో స, ఓత్వం, మ, సున్న, ద, ఏత్వం, ప, ల, పొల్లు, ల, గుడి కలిపి 11 సంకేతాలు. వాటికి 33 బైట్లు, ముగింపుకు ఒకటి.

గమనిక: ఫైలులోని పదాలు చూడటానికి స్ట్రింగ్స్ అనే కమాండ్ కూడా ఉంది. అది మామూలుగా నాలుగు లేదా అంతకు మించిన ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వంటివి వరుసగా ఉన్న చోట్లనే చూపిస్తుంది. తెలుగు పదం కనిపించకపోతే ఫైలులో లేదని అనుకోకండి. ప్రోగ్రాంలో రాసిన పాస్‌వర్డ్ మాత్రం ఇందులో తేలిగ్గా బయటపడుతుంది. కాబట్టి అలా ఎప్పుడూ రాయవద్దు.

సారాంశం

కంపైలర్ ఏమి తయారుచేసిందో ఆబ్జెక్ట్ ఫైలు చెబుతుంది. పేర్ల విషయంలో సందేహం వస్తే ఎన్ఎమ్, విలువల విషయంలో వస్తే ఆబ్జ్‌డంప్ వాడాలి. ఊహించి సోర్స్ మార్చే ముందు ఈ రెండింటినీ నడిపి చూడటం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎన్ఎమ్ ఫలితంలో పెద్ద టి, చిన్న టి మధ్య తేడా ఏమిటి?
2. ‘ధర్మవరం’ నిల్వ చేయడానికి శ్రేణి పరిమాణం కనీసం ఎంత ఉండాలి? ఎన్ఎమ్ దాన్ని హెక్సాలో ఎలా చూపిస్తుంది?

సమాధానాలు: 1. పెద్ద టి ఉన్న ఫంక్షన్‌ను ఇతర ఫైళ్లు పిలవగలవు. చిన్న టి ఉన్నది తన ఫైలుకే పరిమితం. 2. ఏడు సంకేతాలకు 21 బైట్లు, ముగింపుకు ఒకటి కలిపి 22. హెక్సాలో 16.