సదాపాకు

పెరటి గోడవార పెరుగుచున్న సదాప మొక్కను పొరపాటున చీరకొంగు రాచుకొనిపోయినను, ఆ ఘాటు సాయంకాలము వరకు కొంగును విడువదు. దానిని సుగంధమనుటకు నోరు రాదు, దుర్గంధమనుటకు మనసొప్పదు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి ‘రూటా గ్రావియోలెన్స్’ అని పేరిడినప్పుడు, ఘాటైన వాసన గలదను అర్థమునే లాటినులో చెప్పెను. మన ‘సదాప’ యన్ననో, అరబ్బీ ‘సదాబు’ నుండి వచ్చినది. దీని తోబుట్టువైన ‘రూటా చలెపెన్సిసు’, సిరియా దేశపు అలెప్పో నగరము పేరు ధరించినది, మన తోటలలో కనబడును గాని జనులు రెంటిని సదాప యనియే పిలుతురు. పూరేకుల అంచున సన్నని కుచ్చువంటి నూగున్నచో అది చలెపెన్సిసు.

ఇది మధ్యధరా ప్రాంతమునుండి వచ్చిన అతిథియే యైనను బంధువులు మనయింటనే యున్నారు. కరివేపాకు, మారేడు, వెలగ, నిమ్మ, నారింజ, ఇవన్నియు దీని దాయాదులు. అంత పెద్ద కుటుంబమునకు ‘రూటేసీ’ యను పేరు మాత్రము రెండు మూడడుగుల ఎత్తు మించని ఈ మొక్క నుండి వచ్చినది. బూడిదపూత పూసినట్లు నీలిపచ్చగానుండు ఆకునొకదానిని తుంచి వెలుతురునకెదురుగా పట్టినచో, సూదిమొనతో పొడిచినట్టి చుక్కలు కానవచ్చును. అవి రంధ్రములు గావు, తైలపు తిత్తులు. నారింజతొక్కను వంచినపుడు కంటిలో పడు తుంపర ఇట్టి తిత్తులలోనిదే. పసుపుపచ్చని పూగుత్తిలో నడిమి పువ్వునకు అయిదు రేకులు, పది కేసరములు. చుట్టునున్నవానికి నాలుగు రేకులు, ఎనిమిది కేసరములు. ఓపికగలవారు గమనించినచో, ఆ కేసరములు ఒకటి తరువాత నొకటి నడుమకు వంగి మరల వెనుకకు ఒరగుట చూడగలరు.

పొంతు రాజైన మిత్రిడేటిసు విషమునకు విరుగుడుగా సేవించిన ముద్దలో రెండు ఎండు అక్రోటుకాయలు, రెండు అంజూరములు, ఒక ఉప్పుకల్లు, ఇరువది సదాపాకులు ఉండెడివని రోమను పండితుడు ప్లీనీ వ్రాసెను. ఇథియోపియావారు దీనిని ‘తేన అదాం’, ఆదాము ఆరోగ్యము, అని పిలిచి కాఫీలో రెమ్మ వేసికొందురు. మదరాసు రాజధానిలో పనిచేసిన వైద్యుడు ఐన్స్లీ 1826 నాటి తన గ్రంథములో, ఎండిన ఆకును నిప్పులపై వేసి పడిశముపట్టిన పసివారికి ధూపము పట్టు మన దేశపు వాడుకను చెప్పియున్నాడు. మందుల దుకాణములలోని ‘రూటిన్’ అను పదార్థమును 1842లో మొదట వేరుచేసినదియు ఈ ఆకునుండియే. పేరు అందుకే అట్లున్నది.

అయితే ఔషధమైన ఈ ఆకే విషమును. ఆకురసమంటిన చేతిపై ఎండ తగిలినచో, ఒకటి రెండు దినములకు బొబ్బలు లేచి, వానివలని నల్లమచ్చలు వారములకొలది నిలుచును. రసములోని ఫ్యూరానోకౌమరిన్లను పదార్థములు వెలుతురు సోకి చర్మమును కాల్చుటయే దానికి కారణము. గర్భిణులకు ఇది మరింత అపాయము; గర్భస్రావమునకు దీనిని వాడిన చరిత్ర పలు దేశములలో కలదు. కనుక పెరటివైద్యమున దీనిని నూరి లోనికిచ్చు ధైర్యమును నేను మెచ్చను.

పెంపకము తేలిక. చక్కని ఎండ, నీరు నిలువని తేలికనేల చాలును. సారము తక్కువైనను సహించును, వేళ్లు నీట నానుటను మాత్రము సహింపదు. విత్తనములను లోతుగా పూడ్చక పైపైన చల్లి తడిపినచో రెండు మూడు వారములలో మొలచును. ముదురు లేత నడిమి కొమ్మలను వర్షములు తగ్గినపిమ్మట నాటినను వేళ్లు పట్టును. మొక్కకు మొక్కకు అడుగున్నర దూరముంచి, పూత ముగిసిన తరువాత కత్తిరించినచో మొక్క కొయ్యబారక గుబురుగా ఎదుగును. కత్తిరించుట సాయంకాలము, చేతులకు తొడుగులతో చేయవలెను. దొంగిలించి తెచ్చి నాటిన సదాప బాగుగా ఎదుగునని ప్లీనీ కాలమువారు నమ్మిరట. పొరుగింటివారి నడిగి తెచ్చినదియు ఎదుగును.

మనుష్యులు దగ్గరకు రా జంకెడు ఈ ఆకును నిమ్మచెట్టు సీతాకోకచిలుక పిల్లలు హాయిగా మేయును. పిల్లదశలో గొంగళిపురుగు పిట్టరెట్టవలె నుండి, పెరిగిన కొలది ఆకుపచ్చగా మారును. పుల్లతో తాకినచో తలవెనుకనుండి నారింజవన్నె కొమ్ములు రెండు పైకి చాచి, సదాపను మించిన వాసన చిమ్మును. మందు చల్లక నేను వానికి రెండు కొమ్మలు విడిచియుంచితిని.