డీజిలా, పెట్రోలా? పొగగొట్టాన్ని అడగండి

ఐర్లండ్‌లో మేయో కౌంటీ ముఖ్యపట్టణం కాజిల్‌బార్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "సెకండ్ హ్యాండ్ కారు కొనాలండీ. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిల్ కొనాలి, తక్కువ తిరిగేవాళ్లు పెట్రోల్ కొనాలి అని అందరూ చెబుతున్నారు. ఈ లెక్క నిజమేనా?"

ఆ లెక్క తప్పు. ఏడాది మొత్తం మీద ఎంత తిరిగారో ఇంజిన్‌కు తెలియదు, అక్కర్లేదు కూడా. బండి స్టార్ట్ చేశాక ఎంతసేపు ఏకబిగిన పరుగెత్తిందన్నదే దానికి లెక్క. ఎందుకలా అంటే పొగగొట్టంలోకి దూరి చూడాలి. కారు మొత్తంలో నాకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు కాబట్టి పాఠకులు కాస్త ఓపిక పట్టాలి.

మొదటి పాఠం గబగబా ముగిద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, పెట్రోలు ముందే కలిసి ఉంటాయి, స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వాటిని అంటిస్తుంది. డీజిల్ ఇంజిన్ ఉత్త గాలినే పీల్చి పదహారో వంతుకు కుదిస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఎక్కువ కుదిస్తే మంట నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు. డీజిల్ మైలేజీకి ఇదొక కారణం. రెండో కారణం బంకులో ఉంది. లీటరు డీజిల్ సుమారు 840 గ్రాములు తూగుతుంది, లీటరు పెట్రోలు సుమారు 745. అంటే డీజిల్ కొన్నప్పుడు అదే లీటరులో పదిశాతానికి పైగా ఎక్కువ శక్తి వస్తోంది. దాంతోపాటు ఎక్కువ కార్బన్ కూడా: లీటరు డీజిల్ మండితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, పెట్రోలుకు 2.3 కిలోలు. బంకుల్లో కిలోల లెక్కన అమ్మితే డీజిల్ గొప్ప కొంత తగ్గేది.

ఇక అసలు కథానాయకుడు మసి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టడం చూసినవాళ్లకు డీజిల్ ఇంజిన్ సగం తెలిసినట్టే. దీపంలో నూనె ఆవిరి, గాలి ముందుగా కలవవు. మంట అంచు దగ్గరే కలుసుకుంటాయి. మంట నడిమధ్యన ఆక్సిజన్ చాలక నూనె ముక్కలై కార్బన్ రేణువులు పుడతాయి. దీపం వెలుగు పసుప్పచ్చగా ఉండటానికి కారణం వేడికి మెరిసే ఆ రేణువులే. ఇంజిన్‌లో ఇదంతా సెకనులో కొన్ని వెయ్యో వంతుల కాలంలో జరిగిపోతుంది.

అయితే ఆ మసి మంటలో సరిగ్గా ఎక్కడ పుడుతుందన్న విషయంలో పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. చాలాకాలం అందరూ నమ్మిన బొమ్మ ఇది: డీజిల్ చుక్కలు, వాటి చుట్టూ మంట, ఆ మంట లోపలి అంచున పలచటి పొరగా మసి. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలో జాన్ డెక్ కిటికీలు అమర్చిన ఇంజిన్‌లోకి లేజర్ కాంతిని పలచటి పరదాలా పంపి ఫొటోలు తీశాడు. 1997లో ఆయన వెలువరించిన బొమ్మ పాతదాన్ని తిరగరాసింది. మంట ఉన్న చోటికి డీజిల్ చుక్కలు చేరడమే లేదు, ముందే ఆవిరైపోతున్నాయి. ఆ ఆవిరి కాస్త గాలితో కలిసి, చాలీచాలని ఆక్సిజన్‌తో సగం మండి, అక్కడే మసిని పుట్టిస్తోంది. మసి అంచున పొరగా కాకుండా జ్వాల లోపలంతా నిండి ఉంది. అది బయటి అంచుకు చేరి ఆక్సిజన్ దొరికినప్పుడు చాలావరకు కాలిపోతుంది. కానీ అదే అంచున వేడి 2,000 డిగ్రీలు మించి, గాలిలోని నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలిసి విషవాయువులు తయారవుతాయి. మంటను చల్లబరిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గి మసి పెరుగుతుంది. వేడి పెంచితే మసి తగ్గి అవి పెరుగుతాయి. డీజిల్ ఇంజనీర్ల జీవితమంతా ఈ రెండింటి మధ్య పేచీ తీర్చడంతోనే గడిచిపోతుంది.

మిగిలిన మసిని పట్టడానికే డీపీఎఫ్ అనే ఫిల్టర్. మామూలు కార్లలో మొదట వచ్చింది 2000లో, ఫ్రాన్స్‌వాళ్ల ప్యూజో 607లో. ఐరోపాలో యూరో 5 నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయినట్టే. పింగాణీలాంటి పదార్థంతో చేసిన దిమ్మ, దాని నిండా సన్నటి గొట్టాలు. ఒక గొట్టానికి ముందు మూత ఉంటే పక్క గొట్టానికి వెనక మూత. పొగ ఒక గొట్టంలోకి వెళ్లి, దారి లేక, గోడ గుండా ఇంకి పక్క గొట్టంలోంచి బయటపడాలి.

దీన్ని జల్లెడ అనుకునేవాళ్లే ఎక్కువ. జల్లెడ అయితే ఇది పనిచేయకూడదు! గోడలోని రంధ్రాలు పది మైక్రాన్లకు అటూఇటూ ఉంటాయి. మసి రేణువు మైక్రానులో పదో వంతు, అంతకన్నా చిన్నది కూడా. వంద రేణువులు వరసగా చేతులు పట్టుకుని వెళ్లగల గుమ్మంలో ఒక్కటి ఎందుకు చిక్కుకోవాలి? ఎందుకంటే అంత చిన్న రేణువు తిన్నగా నడవలేదు. చుట్టూ ఉన్న వాయు అణువులు దాన్ని అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటాయి. 1905లో ఐన్‌స్టీన్ గణితం కట్టిన బ్రౌనియన్ చలనం ఇదే. తూలుతూ తూలుతూ రేణువు ఏదో ఒక గోడకు తగులుతుంది, తగిలితే అంటుకుపోతుంది. రేణువు ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తూలుతుంది, అంత తేలిగ్గా దొరుకుతుంది. ఇక గోడ మీద పేరుకున్న మసి తానే మరింత నాణ్యమైన ఫిల్టర్‌గా మారుతుంది. అందుకే అప్పుడే శుభ్రమైన ఫిల్టర్ కంటే కాస్త మురికి పట్టిన ఫిల్టరే మసిని బాగా ఆపుతుంది. ఈ సంగతి ఎంతమందికి చెప్పినా నాకు విసుగు రాదు.

కానీ ఎంతకాలమని పేరుకుంటుంది? నిండేలోగా దాన్ని కాల్చేయాలి. నైట్రోజన్ డయాక్సైడ్ తోడైతే 250 డిగ్రీల నుంచే మసి నెమ్మదిగా కాలడం మొదలవుతుంది. హైవే మీద నిలకడగా వెళ్తే పొగకు ఆ వేడి సులభంగానే వస్తుంది, డ్రైవరుకు తెలియకుండానే శుభ్రమైపోతుంది. ఉత్త ఆక్సిజన్‌తో కాలాలంటే 600 డిగ్రీల దగ్గరకు రావాలి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా చూసి మసి నిండిందని కంప్యూటర్ గ్రహిస్తే, కొంచెం డీజిల్‌ను కావాలనే ఆలస్యంగా చిమ్మి పొగను వేడెక్కిస్తుంది. ఈ దహనం పది నుంచి ఇరవై నిమిషాలు సాగాలి. ఇంజిన్ బాగా వేడెక్కితే తప్ప అది మొదలే కాదు.

ఇప్పుడు కాజిల్‌బార్‌లో ఉండి, అక్కడి మేయో యూనివర్సిటీ ఆస్పత్రిలో పనిచేసే మనిషిని ఊహించుకోండి. ఊళ్లోనే ఇల్లు, రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణం, దారిలో బడి దగ్గర ఒకసారి ఆగాలి. పడమటి ఐర్లండ్ చలి, వాన సరేసరి. డీజిల్ ఇంజిన్ వేడిని తక్కువ వృథా చేస్తుంది కనుక వేడెక్కడానికీ ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆ మంచి గుణమే ఇక్కడ దానికి చేటు. ఒకవేళ దహనం మొదలైనా రెండు నిమిషాలకే కారు పార్కింగులో ఆగిపోతుంది. ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి ఉంటుంది. బండి ఆయిల్ తాగడం లేదని సంబరపడేవాళ్లూ ఉన్నారు. అది పలచబడిన ఆయిల్, ఇంజిన్‌కు అరుగుదల తెచ్చే ఆయిల్.

అదే మనిషి రోజూ గాల్వే వెళ్లి వచ్చేవాడైతే, ఒక్కో వైపు దాదాపు 80 కిలోమీటర్లు, డీజిల్ ఫిల్టర్ ఊసే అతనికి తెలియదు. ఏడాది లెక్క ఎంతైనా సరే, ఒకరి కారు నిక్షేపంగా ఉంటుంది, ఇంకొకరిది మెకానిక్ దగ్గర ఉంటుంది. పొట్టి ప్రయాణాలవాళ్లకు 2023లో ఒక వరం దొరికింది: వెస్ట్‌పోర్ట్ నుంచి కాజిల్‌బార్‌ను తాకీ తాకనట్టు టర్లో దాకా వెళ్లే కొత్త ఎన్5 రోడ్డు, సుమారు 20 కిలోమీటర్లు. గంటకు వంద చొప్పున ఒక వైపు 12 నిమిషాలు, పోనూ రానూ 24. దాన్ని మసి కాల్చడానికి వేయలేదు గానీ, వారానికోసారి వెస్ట్‌పోర్ట్ షికారుకు ఇంతకన్నా శాస్త్రీయమైన కారణం ఇంకేం కావాలి?

ఇంతకీ అక్కడ ఇన్ని డీజిల్ కార్లు ఎందుకున్నాయి? 2008 జులై 1 నుంచి ఐర్లండ్ కొత్త కార్ల పన్నును ఇంజిన్ సీసీల మీద కాకుండా కిలోమీటరుకు వెలువడే కార్బన్ డయాక్సైడ్ మీద వేయసాగింది. అంతకుముందు కొత్త కార్లలో నాలుగో వంతుకు కాస్త మించి ఉన్న డీజిల్ వాటా కొన్నేళ్లలోనే డెబ్బై శాతం దాటింది. ప్రభుత్వం ఒక్క వాయువునే లెక్కపెట్టింది, నైట్రోజన్ ఆక్సైడ్లను మరిచింది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ బండారం బయటపడింది: పరీక్ష జరుగుతోందని కారు కనిపెట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా ఉండేలా రాసిన సాఫ్ట్‌వేర్. నైట్రోజన్ ఆక్సైడ్ల మీద ఐర్లండ్ వడ్డింపు 2020 జనవరిలో గానీ రాలేదు. మనం నవ్వడానికేం లేదు. డీజిల్ ధరను చౌకగా ఉంచి మన దేశమూ ఊళ్లలో తిరిగే చిన్న కార్లకు డీజిల్ ఇంజిన్లు అంటగట్టింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లకు స్వస్తి చెప్పింది.

పెట్రోలు మాత్రం పతివ్రతేమీ కాదు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లు వచ్చాక వాటిలోనూ మసి పుడుతోంది, కొత్త కార్లలో వాటికీ ఫిల్టర్లు పెట్టారు. కాకపోతే పెట్రోలు పొగ సహజంగానే బాగా వేడి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఫిల్టర్‌లోకి గాలి వెళ్లి మసి దానంతటదే కాలిపోతుంది.

ఏం కొనాలో చెప్పమన్నారు కదా, చెప్పక తప్పదు. ఊళ్లో తిరుగుళ్లే ఎక్కువైతే పెట్రోలు, కుదిరితే పెట్రోల్ హైబ్రిడ్. రోజూ అరగంటకు పైగా హైవే మీద వెళ్లేవాళ్లకు, ట్రైలర్‌లో పశువుల్ని సంతకు లాక్కెళ్లే మేయో రైతులకు డీజిల్. ఎలక్ట్రిక్ కారు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పను. డీజిలే కొంటే అమ్మేవాళ్లను సర్వీసు బిల్లులు అడగండి. మసి కాలిపోతుంది గానీ ఇంజిన్ ఆయిల్‌లోని లోహ లవణాల బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది. అందుకని ఈ కార్లకు బూడిద తక్కువిచ్చే ప్రత్యేకమైన ఆయిల్ పోయాలి. అది పోసినట్టు బిల్లులో లేకపోతే కొత్త ఫిల్టర్ ఖరీదెంతో కనుక్కుని, ఆ మొత్తం కారు ధరలో తగ్గించమనండి.