కొయ్యాలా, ఆగి చూడాలా? పెద్దపేగు సర్జన్ల సదస్సుతో మనకేం పని?

పెద్దపేగు చివరి భాగాన్ని పురీషనాళం అంటారు. అక్కడ క్యాన్సర్ అని తేలగానే చాలామంది పేషెంట్లు భయంతో అడిగేది ఒకటే: "డాక్టర్ సాబ్, పొట్టకు సంచి పెడతారా?" గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే ఆ భాగం తీసేసి, జీవితాంతం పొట్టమీద సంచితో బతకాల్సి రావచ్చు. అయితే ఈ ప్రశ్నకు జవాబు ఇప్పుడు మారుతోంది. సర్జన్ల వార్షిక సదస్సుల్లో ఏళ్ల తరబడి నడిచిన వాదనలకు ఇందులో పాత్ర ఉంది.

అసలేంటీ సదస్సు?

అమెరికాలో ఈ సర్జన్ల సంఘం 1899లో మొదలైంది. మొదటి అధ్యక్షుడు డాక్టర్ జోసెఫ్ మాథ్యూస్. ఇప్పుడు దాని పేరు అమెరికన్ సొసైటీ ఆఫ్ కోలన్ అండ్ రెక్టల్ సర్జన్స్. ఏటా ఒక నగరంలో కలుస్తారు. 2024లో బాల్టిమోర్, 2025లో శాండియెగో. కంపెనీ లెక్కలకు ఆడిట్ ఎలాగో, సర్జరీకి ఈ సదస్సు అలాగన్నమాట. ఎంతమందికి ఆపరేషన్ చేశారు, ఎందరికి జబ్బు తిరగబెట్టింది అనే లెక్కలు స్టేజీ మీద పెడతారు. కింద కూర్చున్నవాళ్లు మైకు దగ్గరికొచ్చి నిలదీస్తారు.

కొయ్యకుండా ఆగితే?

బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హాబర్-గామా 2004లో ఒక లెక్క ప్రచురించారు. కీమో, రేడియేషన్ ఇచ్చిన 265 మందిలో 71 మందికి గడ్డ కనిపించకుండా పోయింది. వాళ్లకు ఆపరేషన్ చేయకుండా, తరచూ పరీక్షిస్తూ వచ్చారు. చాలామంది సర్జన్లు నమ్మలేదు. కంటికి కనిపించకపోయినా లోపల మిగిలి ఉంటే? అది న్యాయమైన అనుమానమే. 2018లో పలు దేశాల పేషెంట్ల రికార్డులు కలిపి చూస్తే, ఇలా ఆగిన ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి రెండేళ్లలోపు గడ్డ మళ్లీ వచ్చింది. 2022లో వచ్చిన 'ఓప్రా' ట్రయల్‌లో మాత్రం సుమారు సగం మందికి మూడేళ్ల తర్వాత కూడా పురీషనాళం తీయాల్సిన అవసరం రాలేదు.

అంటే అందరికీ ఇది కుదరదు. మొదటి రెండేళ్లు కొన్ని నెలలకోసారి స్కోపీ, ఎంఆర్ఐ తప్పనిసరి. ఊరు దూరమనో, ఖర్చనో పరీక్షలు మానేస్తే మాత్రం ప్రాణానికే ముప్పు.

మన సంగతేంటి?

మన దేశంలోనూ పెద్దపేగు సర్జన్ల సంఘం ఉంది, ఏటా సదస్సు పెడుతుంది. కానీ జబ్బు ముదిరాక వస్తే ఏ సదస్సులో నేర్చుకున్న విద్యా అంతగా అక్కరకు రాదు. మన ఇళ్లల్లో మలంలో రక్తం పడితే 'బవాసీర్' అనో, మొలలు అనో సరిపెట్టుకుంటాం. సిగ్గుతో ఇంట్లో చెప్పం. బోర్డు చూసి ఏదో మందు కొనుక్కుంటాం. మొలలే అయి ఉండొచ్చు, కానీ చూడకుండా చెప్పలేం కదా!

అమెరికాలో 2021లో ఈ క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించారు. కారణం, చిన్న వయసులోనూ కేసులు పెరగడమే. మన ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమం ప్రధానంగా నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను చూస్తుంది. పెద్దపేగు అందులో లేదు. కాబట్టి ఎవరో పిలిచి పరీక్ష చేస్తారని ఎదురుచూడొద్దు. రక్తం పడినా, మలవిసర్జన అలవాటు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా డాక్టర్‌కు చూపించండి. అబ్బాజాన్‌కైనా, అమ్మీకైనా ఈ మాట ఇవాళే చెప్పండి.